ఓర్ఛాలో మూడు రాత్రులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మధ్యప్రదేశ్‌లో బేత్వా నది ఒడ్డున ఉన్న ఓర్ఛా అనే చిన్న ఊరి గురించి నాలుగు మాటలు రాశాను, భుజాన ఒక్క బ్యాగు వేసుకుని వెళ్లి మూడు రాత్రులు ఉండి రండి అన్నాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అన్నిటికీ జవాబివ్వడం కుదరదు కాబట్టి ఎక్కువమంది అడిగినవీ, నన్ను బాగా ఆలోచింపజేసినవీ తీసుకున్నాను.

ప్రశ్న: ఆఫీసులో కష్టమ్మీద ఐదు రోజులు సెలవు దొరికింది. ఆ ఐదు రోజుల్లో గ్వాలియర్, ఓర్ఛా, ఖజురహో, కుదిరితే ఆగ్రా కూడా చూసేయాలని ప్లాన్ వేసుకున్నాను. మీరేమో ఒక్క ఓర్ఛాకే మూడు రాత్రులు అంటున్నారు. అంత చిన్న ఊళ్లో అన్ని రోజులు ఏం చేయాలి? బోర్ కొట్టదా? (ఐటీ ఉద్యోగిని, మియాపూర్)

జవాబు: మీ ప్లాన్ ప్రకారం వెళ్తే ఐదు రోజుల్లో సగం రైళ్లలో, ఆటోల్లో, గది తాళం కోసం ఎదురు చూడటంలో పోతుంది. నేను మొదటిసారి వెళ్లింది అలాగే. పొద్దున పదింటికి ఓర్ఛాలో దిగాను, సాయంత్రం నాలుగింటికి ఝాన్సీ ఆటో ఎక్కేశాను. కోట చూశాను, రామరాజా గుడికి వెళ్లేసరికి మధ్యాహ్నం తలుపులు వేసి ఉన్నాయి, ఎండకి తలనొప్పి పట్టుకుంది. ఇంటికొచ్చాక అమ్మ ‘ఊరెలా ఉంది’ అని అడిగితే ఫొటోలు చూపించానే గానీ చెప్పడానికి ఒక్క ముక్క లేదు నా దగ్గర. ఆ బాధ ఉండిపోయింది, అందుకే రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి నాలుగు రాత్రులు ఉన్నాను.

ఈసారి గుడి ముందు పూలు అమ్మే ఒకావిడతో పరిచయమైంది. గుడిలోకి తోలు వస్తువులు రానివ్వరు, నా చేతిలో తోలు పర్సు ఉంది, ఏం చేయాలో తెలియక నిలబడితే ఆవిడే పిలిచి ‘ఇక్కడ పెట్టి వెళ్లు బేటీ’ అంది. డబ్బులున్న పర్సు, ముక్కూ మొహం తెలియని మనిషి, ఒక్క క్షణం వెనకాడాను, కానీ పెట్టి వెళ్లాను. తిరిగొస్తే పూలబుట్ట కింద భద్రంగా ఉంది. మర్నాడు పొద్దున నదికి వెళ్తుంటే ఆవిడే పలకరించింది, మూడో రోజు సాయంత్రం వాళ్లింటికి తీసుకెళ్లి వేడివేడి రోటీలు, బెండకాయ కూర పెట్టింది, నేను డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసేసింది. ఆరు గంటల్లో వెళ్లిపోయే మనిషిని ఎవరు మాత్రం ఇంటికి పిలుస్తారు చెప్పండి? ఊరివాళ్లు మంచివాళ్లని అందరూ రాస్తారు, ఆ మంచితనం మనదాకా రావాలంటే రెండో రోజు, మూడో రోజు కూడా మనం అక్కడే కనపడాలి.

ఇక చూడటానికేమో చాలానే ఉంది. 1531లో బుందేలా రాజు రుద్రప్రతాప్ సింగ్ ఇక్కడ రాజధాని కట్టడం మొదలుపెట్టాడు. కోట ఉన్నది నది పాయల మధ్య ఒక దీవిలాంటి నేల మీద, కమానుల రాతి వంతెన దాటి లోపలికి వెళ్లాలి. లోపల జహంగీర్ మహల్ ఉంది, దాని వెనక కథ తెలిస్తే ఆ గోడలు వేరేగా కనిపిస్తాయి. అక్బర్ మీద తిరగబడ్డ ఆయన కొడుకు సలీం కోసం ఓర్ఛా రాకుమారుడు వీర్‌సింగ్ దేవ్ 1602లో అక్బర్ ఆస్థానంలోని అబుల్ ఫజల్‌ని చంపాడు, 1605లో సలీం జహంగీర్ పేరుతో గద్దెనెక్కాక ఓర్ఛా సింహాసనం వీర్‌సింగ్‌కి దక్కింది. ఆ చక్రవర్తి పేరు మీద కట్టిన మహల్ ఇది. పక్కనే ఉన్న పాత రాజా మహల్ బయటికి సాదాగా ఉంటుంది, లోపలి గదుల్లో మాత్రం గోడల నిండా, పైకప్పుల నిండా దశావతారాలు, రామాయణం బొమ్మలు. గైడ్ లేకపోతే కొన్ని గదులు తాళం వేసి ఉంటాయి, అక్కడి కాపలా మనిషిని మర్యాదగా అడిగితే తీసి చూపిస్తాడు. టికెట్ ఒకటే, అది మిగతా కట్టడాలకీ పనికొస్తుంది, కోట దాటగానే పారేయకండి.

రెండో రోజు తెల్లారకముందే లేచి నది మీద సన్నటి వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్లండి. ఇది మాత్రం మానకండి. అవతల బండరాళ్ల మీద కూర్చుంటే ఇటు కంచన్ ఘాట్ దగ్గర రాజుల ఛత్రీలు, అంటే సమాధి మండపాలు, పధ్నాలుగు, వరసగా నీళ్లలో కనిపిస్తాయి. సూర్యుడు కాస్త పైకొచ్చేసరికి వాటి శిఖరాల నుంచి రాబందులు రెక్కలు చాపుకుని లేస్తాయి. మన దగ్గర రాబందుల్ని చూడాలంటే ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట దాకా వెళ్లాలి. పశువులకి వాడిన డైక్లోఫినాక్ మందు వల్ల దేశమంతా రాబందులు తుడిచిపెట్టుకుపోయాయి, ఆ కళేబరాలు తిన్న పక్షులకి కిడ్నీలు పాడై చచ్చిపోయేవి, పశువైద్యంలో ఆ మందుని 2006లో నిషేధించారు. అలాంటి పక్షి ఊరి మధ్యలో, గుడి గోపురాల మీద, జనం టీ తాగుతున్న చోటుకి రెండొందల గజాల్లో గూడు కట్టుకుని ఉంటే చూసి నాకు కళ్లు చెమర్చాయి. గంటసేపు అలా చూస్తూ కూర్చున్నాను, బోర్ అన్న మాటే గుర్తు రాలేదు.

మధ్యాహ్నం పడుకోండి, సెలవు అందుకే. సాయంత్రం ఊరి చివర గుట్ట మీద లక్ష్మీనారాయణ్ మందిర్‌కి నడవండి, కిలోమీటరు ఉంటుందేమో. అక్కడి గోడ బొమ్మల్లో 1857 ఝాన్సీ పోరాటం కూడా ఉంది, తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్లతో సహా. మూడో రోజు సైకిల్ అద్దెకి తీసుకుని వంతెన అవతల అభయారణ్యంలోకి వెళ్లొచ్చు, బేత్వా, జామ్‌నీ నదుల మధ్య ఉంటుంది, పులుల అడవి అనుకుని వెళ్లకండి, జింకలు, నెమళ్లు, నెమ్మదిగా నది, చాలా బాగుంటుంది. ఖజురహోకి ఇంకో సెలవు పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. మీ కాలమ్ చదివి ఒక్కతే ఓర్ఛా వెళ్తానంటోంది. వద్దంటే అలిగింది. వాళ్ల నాన్న నా మీద వదిలేశారు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఆడపిల్లకి అక్కడ భయం లేదా? (గృహిణి, సికింద్రాబాద్)

జవాబు: అమ్మా, మీ టెన్షన్ నాకు అర్థమైంది. మా అమ్మ కూడా అలాగే ఉండేది. ఎక్కడైనా భయం అస్సలు లేదని నేను రాసిస్తే అది అబద్ధం అవుతుంది, కాబట్టి ఆడదాన్ని ఒక్కదాన్నే వెళ్లొచ్చి నేను చూసింది చెప్తాను.

ఓర్ఛాలో నన్ను ఇబ్బంది పెట్టినవాళ్లు ఎవరూ లేరు. గుడి ఊరు కాబట్టి రాత్రి హారతి అయ్యేదాకా బజారులో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు తిరుగుతూనే ఉంటారు. నాకు కష్టంగా అనిపించింది ఊరు కాదు, ఊరికి చేరే దారి. హైదరాబాద్ నుంచి వెళ్లే రైళ్లు ఝాన్సీకి రాత్రి బాగా పొద్దుపోయాక చేరతాయి. అక్కడి నుంచి ఓర్ఛా 16, 17 కిలోమీటర్లు, మధ్యలో దారి చీకటి. ఆ అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుని వెళ్లొద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఝాన్సీ స్టేషన్లో రిటైరింగ్ రూమ్ ముందే బుక్ చేసుకోవచ్చు, దొరక్కపోతే ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లో తెల్లారేదాకా కూర్చోవచ్చు. నేను కూర్చున్నాను, పక్కన దతియా వెళ్లే ఒక పెద్ద కుటుంబం ఉంది, వాళ్ల పాపని నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. వెలుగొచ్చాక షేర్ ఆటో.

గది ఊరి మధ్యలో, గుడి దగ్గర తీసుకోమనండి. నది వ్యూ అంటూ ఊరికి దూరంగా ఉన్నవి పగలు బాగుంటాయి, రాత్రి తిరిగి నడిచి రావాలంటే దారిలో లైట్లు ఉండవు. నాకు ఒకచోట నది కనిపిస్తుందని చెప్పి ఇచ్చిన గది కిటికీ తెరిస్తే జనరేటర్ కనిపించింది, మర్నాడే ఖాళీ చేసేశాను. ఊరివాళ్లే తమ ఇళ్లలో ఒకటి రెండు గదులు ఇచ్చే హోమ్‌స్టేలు ఉన్నాయి, ఒంటరిగా వెళ్లే అమ్మాయికి నేనైతే అవే చెప్తాను, ఇంట్లో ఆడవాళ్లు ఉంటారు, భోజనం కూడా వాళ్లతోనే. ఆధార్ ఒరిజినల్ తప్పకుండా పెట్టుకోమనండి.

అన్నిటికంటే నాకు భయం ఉన్నది నదితో. బేత్వా చూడ్డానికి బండల మధ్య పిల్లకాలువలా ఉంటుంది. కానీ పైన మాతాటీలా లాంటి డ్యాములున్నాయి, అక్కడ నీళ్లు వదిలితే ఇక్కడ వానచుక్క లేకపోయినా మట్టం పెరుగుతుంది. ఒక సాయంత్రం నేను నది మధ్య బండ మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాను, ఒడ్డున బట్టలుతికే ఆయన ‘లేచి రా, లేచి రా’ అని గట్టిగా కేకలు పెట్టాడు. ఎందుకో అనుకుంటూ వచ్చేశాను. పావుగంటలో నేను నడిచొచ్చిన రాళ్లు కనపడలేదు. ఆయన ఆ రోజు అక్కడ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అందుకని స్నానమైనా, ఫొటో అయినా ఊరివాళ్లు దిగే ఘాట్ దగ్గరే. వానాకాలంలో ఆ సన్నటి వంతెన మీదికి నీళ్లు వచ్చేస్తాయి, దానికి రెయిలింగ్ లేదు, అప్పుడు దాని దగ్గరికే పోకూడదు.

పంపించమని గానీ, ఆపమని గానీ నేను చెప్పలేను, మీ పిల్లని మీకంటే బాగా ఎవరికి తెలుసు. కానీ రోజుకి రెండుసార్లు ఫోన్, గది అడ్రస్ మీ దగ్గర, చీకటి పడ్డాక ప్రయాణం లేదు, ఈ మూడింటికి ఒప్పుకుంటే పంపి చూడండి. లేదా మొదటిసారి మీరే తోడు వెళ్లండి. నిజంగా అంటున్నాను. ఇద్దరూ కలిసి వెళ్లినా గుడిలో, నది దగ్గర మీకూ చాలా నచ్చుతుంది.

ప్రశ్న: ఏ రైలు? ఎంత ఖర్చవుతుంది? బ్యాగులో ఏం పెట్టుకోవాలి? (డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: నాంపల్లి నుంచి ఢిల్లీ వైపు వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ రెండూ ఝాన్సీలో ఆగుతాయి. 1,200 కిలోమీటర్ల పైనే ప్రయాణం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయల్దేరుతుంది, కాజీపేట, బల్లార్షా, నాగ్‌పూర్, భోపాల్ మీదుగా పగలంతా ఊళ్లు చూస్తూ వెళ్లొచ్చు. స్టేషన్ పేరు 2021 చివర్లో వీరాంగన లక్ష్మీబాయి ఝాన్సీ అని మార్చారు, బుకింగ్‌లో అలాగే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఓర్ఛాకి కూడా చిన్న స్టేషన్ ఉంది గానీ పాసింజర్ రైళ్ల కోసం చూస్తూ కూర్చోవడం కంటే ఝాన్సీ బస్టాండ్ దగ్గర షేర్ ఆటో ఎక్కడం తేలిక. ఝాన్సీ ఉత్తరప్రదేశ్, ఓర్ఛా మధ్యప్రదేశ్, దారిలోనే రాష్ట్రం మారిపోతుంది.

ఖర్చులో పెద్ద భాగం గదిదే, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి వెళ్తే అది సగానికి పడిపోతుంది. స్లీపర్ క్లాసు, షేర్ ఆటో, పొద్దున పోహా జిలేబీ, రాత్రి ఢాబాలో దాల్ రోటీ, ఈ లెక్కన స్టూడెంట్‌కి భారం కాదు. గుడి చుట్టుపక్కల అంతా శాకాహారమే, మూడు రోజులు చికెన్ లేకుండా ఉండలేనంటే ఝాన్సీలో తినేసి వెళ్లు. పచ్చడి సీసా ఒకటి పెట్టుకో, చివరి రోజుకి దాని విలువ తెలుస్తుంది.

బ్యాగు: రెండు జతలు, పల్చటి తువ్వాలు, నీళ్లలో తడిసినా పర్లేని చెప్పులు, టార్చి, టోపీ, నీళ్ల సీసా, చిన్న తాళం. అంతే. డిసెంబర్, జనవరిలో అయితే స్వెటర్ ఒకటి సరిపోదు, మన హైదరాబాద్ చలి అక్కడి చలి ముందు ఏ మూలకీ రాదు, పైగా పొగమంచుకి ఆ రూట్లో రైళ్లు గంటల తరబడి ఆలస్యం అవుతాయి. మే, జూన్‌లో బుందేల్‌ఖండ్ ఎండకి 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు వెళ్లొద్దు. అక్టోబర్, నవంబర్, ఫిబ్రవరి మంచివి.

ప్రశ్న: మేమిద్దరం అరవై దాటినవాళ్లం. ఏటా భద్రాచలం వెళ్తాం. ఓర్ఛాలో రాముణ్ణి దేవుడిగా కాక రాజుగా కొలుస్తారని, పోలీసులు సెల్యూట్ చేస్తారని రాశారు. నిజమేనా? మాలాంటివాళ్లం కూడా వెళ్లగలమా? (రిటైర్డ్ టీచర్, మలక్‌పేట)

జవాబు: నిజమే మాస్టారూ, నేను కళ్లారా చూశాను. హారతి వేళకి సాయుధ పోలీసులు వరసగా నిలబడి రాముడికి గౌరవ వందనం చేస్తారు. ఆయన్ని అక్కడ దేవుడు అనరు, ‘రామ్ రాజా సర్కార్’ అంటారు. మాటల్లో కూడా ‘సర్కార్ దర్శనం అయిందా’ అని అడుగుతారు.

దాని వెనక కథ ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. రాజు మధుకర్ షా కృష్ణ భక్తుడు, రాణి గణేశ్ కున్వరి రామ భక్తురాలు. మీ రాముణ్ణి తీసుకొచ్చి చూపించు అని రాజు అంటే ఆవిడ అయోధ్య వెళ్లి సరయూ ఒడ్డున తపస్సు చేసింది, ఎన్నాళ్లకీ రాముడు పలకలేదు, ఇక బతకనని నదిలో దూకితే నీళ్లలో విగ్రహం దొరికింది. రాముడు మూడు షరతులు పెట్టాడట. పుష్యమి నక్షత్రం ఉన్న రోజుల్లోనే నడిపించాలి, మొదట ఎక్కడ దించితే అక్కడే ఉంటాను, ఆ ఊరికి రాజుని నేనే. ఆవిడ వచ్చేసరికి గుడి పూర్తి కాలేదు, ఒక్క రాత్రికేగా అని తన మహల్లో పెట్టింది. ఆ తర్వాత విగ్రహం కదల్లేదు. రాముడి కోసం ఆకాశాన్నంటేలా కట్టిన చతుర్భుజ్ మందిర్ ఆయన లేకుండా పక్కనే నిలబడి ఉంది, రాముడేమో రాణిగారి ఇంట్లోనే ఉండిపోయాడు. అందుకే ఆ గుడి గుడిలా ఉండదు, ముంగిలి, వరండాలతో ఇల్లులా ఉంటుంది.

ఈ కథ విన్నప్పుడు నాకు గోపన్నే గుర్తొచ్చాడు. మన భద్రాద్రి రాముడికి కల్యాణం నాడు ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వెళ్తాయి కదా, అక్కడ ప్రభుత్వం తుపాకీ ఎత్తి వందనం చేస్తుంది. ఇటు గోదావరి, అటు బేత్వా. మీరు రెండూ చూసినవాళ్లు కావాలని నా కోరిక.

వెళ్లగలరా అంటే, తప్పకుండా. గుడి, బజారు, ఘాట్ అన్నీ దగ్గర దగ్గరే, సమతలంగానే ఉంటాయి. జహంగీర్ మహల్ పై అంతస్తులకి మెట్లు ఎత్తుగా, చీకటిగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే కింద ఆవరణలో కూర్చోండి, అదీ బాగుంటుంది. ఒక్క జాగ్రత్త: ఇంట్లో గోడ మీద క్యాలెండర్ తీసి పుష్యమి నక్షత్రం ఎప్పుడో చూసుకోండి. ఆ రోజు చుట్టుపక్కల పల్లెల నుంచి జనం పోటెత్తుతారు, గదులు దొరకవు, క్యూలో నిలబడటం కష్టం. శ్రీరామనవమికి, మార్గశిరంలో వివాహ పంచమికి కూడా అంతే. మామూలు రోజుల్లో వెళ్తే సర్కార్ ముందు తీరిగ్గా నిలబడొచ్చు. లోపల ఫొటోలు తీయనివ్వరు, మీ బెల్టు తోలుదైతే బయట వదిలి వెళ్లాలి.

ప్రశ్న: నాకు వచ్చింది మన హైదరాబాదీ హిందీ. అక్కడ సరిపోతుందా? (మెహిదీపట్నం)

జవాబు: బ్రహ్మాండంగా. వాళ్లది బుందేలీ, పెద్దవాళ్లు గబగబా మాట్లాడితే మొదటి రోజు సగమే అర్థమవుతుంది. ‘రామ్ రామ్’ అని పలకరించి మొదలుపెట్టండి. మన ‘నక్కో’, ‘హౌ’ విని పిల్లలు నవ్వుతారు, మళ్లీ మళ్లీ అనమంటారు. నాతో అలాగే దోస్తీ కుదిరింది.

ప్రశ్న: అంత దూరం వెళ్లే సెలవు లేదు. హైదరాబాద్‌కి దగ్గర్లో నది ఒడ్డున ఇలా ఉండటానికి ఏమైనా ఉందా? (ఉప్పల్)

జవాబు: ఆనెగొంది. తుంగభద్రకి ఇటు హంపి, అటు ఆనెగొంది. హంపి ఎదురుగా విరూపాపూర్ గడ్డ మీద గుడిసెల గెస్ట్‌హౌస్‌లు ఉండేవి, పాత ట్రావెల్ పుస్తకాల్లో వాటి గురించే ఉంటుంది, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో వాటిని తీసేశారు, ఆ పేర్లు పట్టుకుని వెతక్కండి. ఆనెగొంది ఊళ్లో ఇళ్లలోనే గదులిస్తారు, వరి చేలు, అరటి తోటలు. రెండు రాత్రులే ఉన్నా సరే, అదే టీ కొట్టుకి రెండుసార్లు వెళ్లండి. మన రాష్ట్రంలోనే కావాలంటే కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున సోమశిల, గోదావరి ఒడ్డున ధర్మపురి. ధర్మపురిలో పొద్దున్నే ఘాట్ మెట్ల మీద కూర్చోండి, నరసింహస్వామి గుడి గంటలు అక్కడిదాకా వినిపిస్తాయి.